ఇంజెక్షన్‌తో తగ్గిన బరువును అలవాట్లతో నిలుపుకోవడం ఎలా?

గోదావరి_గట్టు, రాజమహేంద్రవరం
5 ఏప్రిల్ 2026, రాత్రి 9:50

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు నలభై ఏడు, ఎత్తు 168 సెంటీమీటర్లు. గత ఏడాది జూన్‌లో నేను 96 కిలోల బరువుండేవాడిని, హెచ్‌బీఏ1సీ 7.6 (గత మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష), బీపీకి రోజుకు రెండు మాత్రలు. మా వైద్యుడు ఆకలినీ షుగర్‌నూ తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను వారానికొకసారి చొప్పున 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు వారాల తరువాత 5కు, ఆపై కొన్నాళ్లకు 7.5కు పెంచి అక్కడ ఆపారు. ఈ రోజు నా బరువు 81 కిలోలు, హెచ్‌బీఏ1సీ 5.9, బీపీ మాత్ర ఒక్కటే మిగిలింది.

మందు పనిచేసిందనడంలో నాకు సందేహమేమీ లేదు. నా భయం వేరే. ఫిబ్రవరిలో మా మేనకోడలి పెళ్లికి అమలాపురం వెళ్లినప్పుడు, పనుల ఒత్తిడిలో వరుసగా రెండు వారాలు ఇంజెక్షన్ తీసుకోలేదు. పెళ్లి భోజనాల దగ్గర, ఎనిమిది నెలలుగా నేను మరచిపోయిన ఆకలి మళ్లీ వచ్చి పక్కన కూర్చుంది. పులిహోర మారు వేయించుకున్నాను, బొబ్బట్లు మూడు తిన్నాను, అర్ధరాత్రి లేచి వంటింట్లో మిగిలిన గారెల కోసం వెతికాను.

మర్నాడు తీరిగ్గా ఆలోచిస్తే, ఇన్ని నెలల్లో నేను మార్చుకున్న అలవాటు ఒక్కటీ లేదని తెలిసివచ్చింది. రాత్రి భోజనం ఇప్పటికీ పది గంటలకే; అదే తెల్లన్నం, అదే వేపుడు, కాకపోతే నాలుగు ముద్దలకే చాలనిపించేది. నడక లేదు. నా తరఫున సంయమనం పాటించినది మందే. అందువల్ల అనుభవమున్నవారిని అడుగుతున్నాను. ఈ బరువు చాలనుకుని నేను ఇంజెక్షన్ మానవచ్చా? మానితే, ఏ అలవాట్లు నన్ను నిలబెడతాయి?

వైద్య_వాణి, విశాఖపట్నం
5 ఏప్రిల్ 2026, రాత్రి 11:15

గోదావరి_గట్టు గారూ, ముందుగా ఒక జాగ్రత్త. వరుసగా మోతాదులు తప్పినప్పుడు మళ్లీ అదే మోతాదుతో మొదలుపెట్టాలా, కిందికి దిగి మొదలుపెట్టాలా అన్నది మీ వైద్యుణ్ణి అడిగి తేల్చుకోవాలి; అలవాటు తప్పిన శరీరానికి పెద్ద మోతాదు పడితే వాంతులతో మంచం పట్టే పరిస్థితి రావచ్చు. నేను ఇక్కడ రాసేది సమాచారం మాత్రమే, మీ చికిత్సను నిర్ణయించవలసినది మిమ్మల్ని ఎదురుగా చూసే వైద్యుడే.

పెళ్లిలో జరిగినదానికి మిమ్మల్ని మీరు నిందించుకోవలసిన అవసరం లేదు. భోజనం చేసినప్పుడు పేగుల నుంచి విడుదలయ్యే జీఎల్‌పీ-1 అనే హార్మోను మెదడులోని ఆకలి కేంద్రానికి ఇక చాలని తెలియజేస్తుంది, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, షుగర్ పెరిగినప్పుడు ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. సహజమైన హార్మోను రక్తంలో నిమిషాల్లోనే విచ్ఛిన్నమైపోతుంది. సెమాగ్లూటైడ్ అనే వారపు ఇంజెక్షన్ అదే సందేశాన్ని వారం పొడవునా అందిస్తుంది. టిర్జెపటైడ్ దానికి తోడు జీఐపీ అనే మరొక హార్మోను పనిని కూడా చేస్తుంది. మందు ఆగితే సందేశం ఆగుతుంది. పైగా బరువు తగ్గిన శరీరం ఊరుకోదు: ఆకలిని అణచే లెప్టిన్ తగ్గుతుంది, ఆకలిని పెంచే గ్రెలిన్ పెరుగుతుంది, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తి కూడా తగ్గుతుంది. మీ పక్కన వచ్చి కూర్చున్న ఆకలి అదే.

పరిశోధనల్లోనూ ఇదే కనిపించింది. 2021లో వెలువడిన స్టెప్-1 పరీక్షలో 1,961 మంది పాల్గొన్నారు, సెమాగ్లూటైడ్ 2.4 మిల్లీగ్రాములు వాడినవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. వారిలో కొందరిని మందు ఆపిన తరువాత మరో ఏడాది గమనిస్తే, తగ్గిన దానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. సర్మౌంట్-4 పరీక్షలో టిర్జెపటైడ్‌తో 36 వారాల్లో దాదాపు 21 శాతం తగ్గినవారిని రెండు భాగాలు చేశారు. మందు కొనసాగించినవారు మరో ఏడాదిలో ఇంకా 5.5 శాతం తగ్గగా, తెలియకుండా మందు లేని ఉత్తి ఇంజెక్షన్‌కు మారినవారు 14 శాతం పెరిగారు. ఈ సర్మౌంట్-4 పరీక్షలో చివరిదాకా అందరికీ ఆహార, వ్యాయామ సలహాలు ఇచ్చారన్న సంగతి గమనించండి. సలహా వినడం వేరు, అలవాటు పడటం వేరు.

అయితే నాకు ఆశ కలిగించిన పరీక్ష మరొకటి ఉంది. కోపెన్‌హాగన్‌లో 195 మందికి మొదట ఎనిమిది వారాలు తక్కువ కేలరీల ఆహారమిచ్చి సగటున 13 కిలోలు తగ్గించారు. తరువాత ఒక ఏడాదిపాటు కొందరికి రోజూ వాడే పాత తరం మందైన లిరాగ్లూటైడ్, కొందరికి పర్యవేక్షణలో వ్యాయామం, కొందరికి రెండూ, మిగిలినవారికి ఉత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. అన్నీ ఆపిన ఏడాదికి మళ్లీ చూస్తే, మందు ఒక్కటే వాడినవారి కంటే మందుతో పాటు వ్యాయామం చేసినవారు తగ్గిన బరువును బాగా నిలుపుకున్నారు. నేటి మందులకు దీన్ని యథాతథంగా అన్వయించలేము కానీ, ఆకలి సద్దుమణిగి ఉన్న కాలంలో శరీరానికి నేర్పిన పని ఆ తరువాత కూడా కొంత మిగులుతుందని నేను దీన్నిబట్టి నమ్ముతున్నాను. మానడం గురించి ఈ నెలలోనే నిర్ణయించుకోవద్దని నా మనవి.

పల్లె_పెద్ద, కరీంనగర్
6 ఏప్రిల్ 2026, ఉదయం 6:20

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి, వయసు అరవై ఎనిమిది. రెండేళ్లలో నడకతోనూ, రాత్రిపూట అన్నం మాని జొన్నరొట్టె తినడంతోనూ పదకొండు కిలోలు తగ్గాను. ఏ ఇంజెక్షనూ తీసుకోలేదు. నా ఆవేదన ఏమిటంటే, మా వీధిలో ఐదారు కిలోలు ఎక్కువున్న పిల్లలు కూడా పెళ్లి చూపుల ముందు ఈ సూదుల కోసం పరుగులు తీస్తున్నారు. సెమాగ్లూటైడ్ మీద పేటెంట్ గడువు మన దేశంలో మొన్న మార్చిలో ముగిసి ఇతర కంపెనీలకూ తయారుచేసే వీలు కలిగింది కనుక ఇకపై ఇది ఇంకా ఎక్కువమంది చేతుల్లోకి వస్తుంది. అలవాటు మార్చుకోగలిగినవాడికి మందెందుకు, మార్చుకోలేనివాడికి మందు ఎన్నాళ్లు కాపాడుతుంది? ఈ ప్రశ్నకు ఎవరైనా నిదానంగా జవాబు చెప్పాలని కోరుతున్నాను.

టెక్సాస్_తెలుగమ్మాయి, డాలస్
6 ఏప్రిల్ 2026, ఉదయం 8:05

మాస్టారూ, మీ క్రమశిక్షణకు నమస్కరిస్తూనే నా అనుభవం చెబుతాను. మా అమ్మ గుంటూరులో ఇరవై ఏళ్లుగా ప్రతి ఉదయం నడుస్తోంది, మితంగానే తింటుంది, అయినా ఆమె బరువు 80 కిలోల నుంచి దిగలేదు. మీకు వచ్చిన ఫలితం ఆమెకు రాలేదంటే ఆమెలో పట్టుదల లేదని కాదు కదా. నాదీ ఆ శరీరమే.

నేను పద్నాలుగు నెలలు సెమాగ్లూటైడ్ వాడి 19 కిలోలు తగ్గాను. ఉద్యోగం మారినప్పుడు కొత్త బీమాలో బరువు మందులకు చోటు లేకపోవడంతో ఒక్కసారిగా మానవలసి వచ్చింది. తొమ్మిది నెలల్లో 12 కిలోలు తిరిగి వచ్చాయి. ఆ తొమ్మిది నెలలు నేను పడిన సిగ్గు ఎవరికీ వద్దు. పార్టీలకు వెళ్లడం మానేశాను, ఇంటికి వీడియో కాల్ చేసినా ముఖం మాత్రమే కనబడేలా కూర్చునేదాన్ని.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే నా తప్పు మందు మానడంలో లేదు, వాడిన కాలంలో ఉంది. ఆకలి లేదు కనుక కొన్ని రోజులు కప్పు కాఫీ, సగం చపాతీతో గడిపి, దాన్నే గొప్ప అనుకున్నాను. ఐదో నెలకు జుట్టు ఊడడం మొదలైంది. భారతదేశానికి వచ్చినప్పుడు విమానంలో నా చేతి పెట్టెను పైన పెట్టలేక పక్కవారిని అడిగాను. అంతకు రెండేళ్ల ముందు, 19 కిలోలు ఎక్కువున్నప్పుడు, అదే పెట్టెను నేనే ఎత్తాను. పోయింది కొవ్వు మాత్రమే కాదని ఆ రోజు తెలిసింది. తిరిగి వచ్చిన 12 కిలోలతో ఆ బలం తిరిగి రాలేదు.

గత నవంబరులో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఆదివారం మధ్యాహ్నం వారానికి సరిపడా సెనగలు, రాజ్మా ఉడికించి పెట్టుకుంటున్నాను, వారానికి రెండు రోజులు బరువులెత్తే తరగతికి వెళ్తున్నాను. తగ్గుదల మునుపటికంటే నెమ్మదిగా ఉంది. అయినా నాకు ఇదే నిజమైన తగ్గుదలగా అనిపిస్తోంది.

వైద్య_వాణి, విశాఖపట్నం
6 ఏప్రిల్ 2026, మధ్యాహ్నం 1:40

పల్లె_పెద్ద గారూ, మీ ఆవేదనలో సగం నాది కూడా. ఐదు కిలోల కోసం ఈ మందు వాడకూడదు. బరువు కోసమైతే బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 30 దాటినవారికి, లేదా 27 దాటి షుగరో బీపీయో తోడైనవారికి, వైద్యుని చీటీ మీదనే ఇవ్వవలసిన మందు ఇది. వ్యాయామశాలలో ఎవరో ఇచ్చారని తీసుకోవడం ప్రమాదకరం. మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్ గ్రంథికి వచ్చే ఒక అరుదైన క్యాన్సర్) తమకు గానీ కుటుంబంలో గానీ ఉన్నవారు వాడకూడదు. గ్లిమిపిరైడ్ వంటి షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతున్నవారికి వాటి మోతాదు తగ్గించకపోతే షుగర్ పడిపోవచ్చు. వీపు వైపు పాకే తీవ్రమైన కడుపునొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, అది క్లోమం వాపు కావచ్చు. గర్భం కోరుకునే స్త్రీలు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి.

మీ ప్రశ్నకు జవాబు: బీపీ ఉన్నవాడికి ఉప్పు తగ్గించమని చెబుతూనే మాత్ర కూడా ఇస్తాము, ఉప్పు తగ్గించుకోలేని బలహీనుడని అనము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా స్థూలకాయాన్ని దీర్ఘకాలిక వ్యాధిగానే చూస్తూ, ఈ మందులతో పాటు ఆహారం, వ్యాయామాల్లో గట్టి తోడ్పాటు ఉండాలని సూచించాయి.

పోషణ_పథం, హైదరాబాద్
6 ఏప్రిల్ 2026, రాత్రి 8:30

నేను ఆహార నిపుణురాలిని. టెక్సాస్ చెల్లెలు చెప్పిన పెట్టె సంగతి నా దగ్గరకు వచ్చేవారిలో తరచుగా వింటాను. స్టెప్-1లో కొందరికి చేసిన శరీర స్కానుల్లో, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కాని భాగమని తేలింది. దానిలో నీరూ ఉంటుంది, కండా ఉంటుంది. కండను కాపాడేవి రెండే, మాంసకృత్తులు, బరువుతో కూడిన శ్రమ.

మన భోజనంలో ఒక చిక్కుంది, దాన్ని కొంచెం వివరంగా చెబుతాను. తెలుగువారి విస్తరికి ఒక వరుస ఉంది: ముందు పప్పన్నం, తరువాత కూర, ఆపై పులుసో చారో, చివర పెరుగు. ఇంజెక్షన్ తీసుకుంటున్నవారికి ఆకలి మొదటి రెండు కలుపుల్లోనే తీరిపోతుంది. ఆ రెండు కలుపుల్లోనూ ఎక్కువ భాగం అన్నమే. కూర సగం మిగులుతుంది, పెరుగు పూర్తిగా మానేస్తారు. అంటే తిండి తగ్గినప్పుడు మొదట పోయేవి కూరగాయలూ పెరుగూ, చివరిదాకా నిలిచేది తెల్లన్నం. జరగవలసింది దీనికి సరిగ్గా తలకిందులు. అందువల్ల నేను చెప్పేది, గట్టిగా వండిన పప్పును, కూరను ముందు గిన్నెలో వేసుకుని ఉత్తివే తినండి, అన్నం చివర రెండు ముద్దలు కలుపుకోండి. పెరుగును భోజనం నుంచి విడదీసి సాయంత్రం నాలుగింటికి మార్చండి. ఇష్టమైనదేదీ పోదు, వరుస మారుతుందంతే. మందు ఆగినా ఈ వరుస ఆగదు, అందుకే దీని మీద నాకు అంత నమ్మకం.

ఎంత కావాలంటే, ఆరోగ్యవంతులకు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సూచిస్తుంది. బరువు తగ్గుతున్న కాలంలో మేము సాధారణంగా 1.2 గ్రాముల దాకా చేరమని చెబుతాము. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా పెంచకూడదు. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల పనీరులో పద్దెనిమిది, వంద గ్రాముల చేపలో ఇంచుమించు ఇరవై ఉంటాయి. ఉదయం ఇడ్లీకి బదులు రెండు పెసరట్లు, ఉడికించిన గుడ్డు ఒకటి. మధ్యాహ్నం పప్పు, చేప. రాత్రి ఉలవలో సెనగలో. శాకాహారులకు మీల్ మేకర్ మంచి తోడు.

ఈ మందుతో వచ్చే వికారం ఎక్కువగా వేపుళ్లు తిన్న రాత్రే వస్తుంది. మలబద్ధకానికి జామకాయ, ఆకుకూరలు, రోజంతా కొద్దికొద్దిగా నీళ్లు. దాహం కూడా తగ్గుతుంది కనుక గుర్తుపెట్టుకుని తాగాలి.

బెజవాడ_గృహిణి, విజయవాడ
7 ఏప్రిల్ 2026, మధ్యాహ్నం 3:10

పోషణ_పథం గారు చెప్పిన వరుస చదివి ఈ రోజే మొదలుపెట్టాను. నేను ఆరు నెలలుగా సెమాగ్లూటైడ్ వాడుతున్నాను, తొమ్మిది కిలోలు తగ్గాను. నా మాట ఒక్కటే. అలవాటు ఒక మనిషిదని అందరూ రాస్తున్నారు కానీ, మన ఇళ్లలో అలవాటు ఇంటిది. నేను వండేది ఐదుగురికి. నాకు వేరుగా వండుకోవాలంటే పది రోజులకే విసుగొస్తుంది.

అందుకని మొదట బియ్యం కొలత మార్చాను. మూడు గ్లాసుల బియ్యం పోసేచోట రెండే పోసి, కూర రెట్టింపు చేశాను. మొదటి వారం మా అబ్బాయి అన్నం చాలలేదన్నాడు, ఇప్పుడు అడగడం లేదు. అన్నిటికంటే కష్టమైనది రాత్రి భోజన సమయం. మావారు దుకాణం మూసి వచ్చేసరికి పదవుతుంది, ఆయన వచ్చేదాకా ఆగడం మా ఇంటి పద్ధతి. ఆలస్యంగా తింటే నాకు రాత్రంతా తేన్పులు, మంట. ధైర్యం చేసి ఏడున్నరకే తినడం మొదలుపెట్టాను. మా అత్తయ్యగారు పైకి ఏమీ అనకపోయినా నొచ్చుకున్నారు. మూడు వారాల తరువాత ఒకరోజు ఆవిడే కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుని, తనకూ ఆలస్యంగా తింటే నిద్ర పట్టదని, చెప్పడానికి ఇన్నేళ్లూ మొహమాటపడ్డానని అన్నారు. ఇప్పుడు ఇద్దరం ఏడున్నరకే తింటాము. ఆయన వచ్చాక పక్కన కూర్చుని మజ్జిగ తాగుతాను.

వ్యాయామ_మాస్టారు, హనుమకొండ
7 ఏప్రిల్ 2026, సాయంత్రం 6:45

బరువు చూసే యంత్రం కొవ్వును, కండను విడదీసి చెప్పదు. అందుకని గోదావరి_గట్టు గారికి మరొక కొలత ఇస్తాను. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కించండి. ఆ అంకెను బరువు పక్కనే పుస్తకంలో రాయండి. బరువు తగ్గుతూ ఈ అంకె కూడా తగ్గుతుంటే మీరు కండను పోగొట్టుకుంటున్నారేమోనని అనుమానించాలి.

వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు చాలు: కుర్చీ నుంచి లేవడం, గోడను తోయడం, ఐదు లీటర్ల నీళ్ల డబ్బాను రెండు చేతులతో నడుము దాకా ఎత్తడం, మెట్లెక్కడం. నెలకొకసారి బరువు గానీ సంఖ్య గానీ పెంచాలి. నడకకు వారానికి 150 నిమిషాలు లక్ష్యంగా పెట్టుకోండి, ఈ ఎండల్లో ఐదున్నరకే బయలుదేరండి. పల్లె_పెద్ద గారికి కూడా నా మనవి, నడక ఒక్కటే అరవై ఎనిమిదేళ్ల కాళ్లకు చాలదు.

పల్లె_పెద్ద, కరీంనగర్
8 ఏప్రిల్ 2026, ఉదయం 6:30

కుర్చీ పరీక్ష చేశాను. తొమ్మిది సార్లే లేవగలిగాను. టెక్సాస్ అమ్మాయీ, మీ అమ్మగారి గురించి నువ్వు రాసినది రెండుసార్లు చదివాను. ఇన్నాళ్లు నాకు పనికొచ్చింది అందరికీ పనికొస్తుందని అనుకున్నాను. మొహమాటం వల్ల మందుకు వెళ్లనివారికి నా మాటలు అడ్డుపడకూడదు. పిల్లలు చీటీ లేకుండా కొనడం మీద మాత్రం నా అభిప్రాయం మారదు.

గోదావరి_గట్టు, రాజమహేంద్రవరం
3 మే 2026, రాత్రి 8:40

అందరికీ కృతజ్ఞతలు. మా వైద్యుణ్ణి కలిశాను. మానడం గురించి ఆరు నెలల తరువాత మాట్లాడుకుందామని, అప్పటిదాకా ఇదే మోతాదు కొనసాగిద్దామని ఆయన అన్నారు. నా నడుము కొలత ఇంకా 98 సెంటీమీటర్లుందని, మన దేశపు పురుషులకు 90 దాటకూడదని చూపించారు. ఖర్చు గురించి కూడా దాచకుండా చెప్పాను. భారం కాని దారి చూద్దామన్నారు.

ఈ నాలుగు వారాల్లో చేసినవి రెండే. రాత్రి భోజనం ఎనిమిదింటికి జరిపాను, కూర, పప్పు ముందు, అన్నం చివర. కుర్చీ లెక్క మొదటి రోజు పదకొండు, ఈ ఉదయం పద్నాలుగు. బరువు ఒక కిలో మాత్రమే తగ్గింది. నిన్న బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి వెళ్లి, విస్తట్లో కూర మొదట తిని, బొబ్బట్టు ఒక్కటి, నెయ్యితోనే, తిన్నాను. పక్కన కూర్చున్న ఆయన నేను వరుస తప్పి తింటున్నానన్నారు, అవునన్నాను.

వ్యాయామ_మాస్టారికి ఒక ప్రశ్న. లేచేటప్పుడు కుడి మోకాలి ముందువైపు కొద్దిగా నొప్పి వస్తోంది, కూర్చునేటప్పుడు రాదు. ఆపాలా, తగ్గించాలా?

వ్యాయామ_మాస్టారు, హనుమకొండ
4 మే 2026, ఉదయం 5:15

కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి, పాదాలను కొంచెం వెనక్కి లాగి, మడమల మీద బరువు మోపి లేవండి. రెండు వారాలు ముప్పై సెకన్ల పోటీ వద్దు, నెమ్మదిగా ఎనిమిదేసి చొప్పున మూడు విడతలు చేయండి. వాపు వచ్చినా, మెట్లు దిగేటప్పుడు నొప్పి పెరిగినా ఆపి వైద్యుడికి చూపించి, ఆ తరువాత నాకు రాయండి.